పలచటి అట్ట షూస్, ఎముకలో సన్నటి గీత

కాదు, సైజు తేడా కాదు. డూప్లికేట్ మాలూ కాదు. "నువ్వు నడిచే పద్ధతే తప్పు సిస్టర్, షూస్‌ది కాదు" అని నిన్న కూడా నా వీడియో కింద ఒకాయన రాశాడు. నా పాదం ఎలా ఉంటుందో ఆయనకు తెలియదు. నేను ఎన్ని వారాలు కుంటుతూ నడిచానో తెలియదు. తీర్పు మాత్రం చెప్పేశాడు. ఒకప్పుడు నేనూ వేరేవాళ్ళ వీడియోల కింద అచ్చం ఇలాగే రాసేదాన్ని. అందుకే ఇంకా మండింది. సరే, మొదటినుంచి చెబుతాను. మొత్తం చదివి అప్పుడు అనండి.

నా పేరు మాధురి. ఇరవై నాలుగేళ్ళు. మాది హిందూపురమే కానీ నేను పెరిగింది బెంగళూరులో. అక్కడ ఉద్యోగం పోయాక, అప్పటికే ఊరికి తిరిగొచ్చేసిన అమ్మా నాయనల దగ్గరికి వచ్చాను. ధర్మవరంలో మా చిన్నాయనకు పట్టుచీరల అంగడి ఉంది. ఒకరోజు ఊరికే ఫోన్‌ని స్టాండుకు పెట్టి, చీరలు విప్పి చూపిస్తూ లైవ్ చేశాను. జనం చూశారు. మర్నాడు ఇంకా ఎక్కువ మంది చూశారు. నెల తిరిగేసరికి అది నా పని అయిపోయింది. బెంగళూరులో నాకంటూ ఏమీ మిగల్లేదు. ఈ లైవ్ ఒక్కటే నేను సొంతంగా నిలబెట్టుకున్నది. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

రోజూ పొద్దున హిందూపురంలో రైలెక్కి ధర్మవరం, సాయంత్రం మళ్ళీ వెనక్కి. లైవ్ మూడు గంటలు, ఒక్కోరోజు నాలుగు. మొత్తం నిలబడే. అదీ ఒట్టి కాళ్ళతో. చీరలు పరిచే చోటికి చెప్పులతో ఎవరూ రారు, గడప దగ్గరే విడిచి రావాలి. లోపల తాడిపత్రి బండలు, వాటి మీద ఒక తెల్ల దుప్పటి. అంతే.

తేడా తెలిసింది ఒక సోమవారం పొద్దున. మంచం దిగి కుడికాలు నేల మీద పెట్టాను. మడమలో మేకు దిగినట్టు అయింది. గోడ పట్టుకున్నాను. పది అడుగులు వేసేసరికి తగ్గింది. మర్నాడు మళ్ళీ అంతే. రెండు వారాలు ఎవరికీ చెప్పలేదు. నేను గోడ పట్టుకుని బాత్రూముకు పోవడం అమ్మ చూసేసింది.

"ఏమే, ముసలిదాని మాదిరి నడుస్తాండావు?"

"నిద్రమత్తు."

"నిద్రమత్తు కాలికి పడతాదా? ఆ ఫోను పక్కన పెట్టి పద ఆస్పత్రికి."

హిందూపురంలో ఆర్థోపెడిక్ డాక్టరు మడమ లోపలి వైపు బొటనవేలితో నొక్కాడు. నేను అరిచాను.

"ఎంతసేపు నిలబడతావమ్మా?"

"మూడు గంటలు సార్. పండగలప్పుడు నాలుగు."

"బండల మీద, ఒట్టి కాళ్ళతోనా?"

"పట్టుచీరల అంగడి సార్."

"అర్థమైంది." ఎక్స్‌రే తీయించాడు. "మడమ ఎముకకు చిన్న స్పర్, ముల్లు మాదిరి, ఉంది, దాన్ని చూసి భయపడొద్దు. ఇది ప్లాంటార్ ఫేషియైటిస్, అరికాలి కింద పట్టీ వాపు. పిక్కలు సాగదీసే కాఫ్ స్ట్రెచింగ్ చెయ్యాల. ఐస్ బాటిల్ మీద పాదం దొర్లించాల. ఎమ్సీఆర్ చెప్పులు వేసుకోవాల. బయటే కాదు, ఇంట్లో కూడా. మూడు నాలుగు నెలలు ఓపిక పట్టాల."

ఓపిక! నాకు ఓపిక అనే మాటే పడదు.

ఎమ్సీఆర్ చెప్పులు మీరు చూసే ఉంటారు. కింద మెత్తటి మందపాటి అట్ట, పైన వెడల్పాటి పట్టీ. షుగర్ ఉన్న పెద్దవాళ్ళు వేసుకుంటారు. నాయన కొనుక్కొచ్చాడు. ఇంట్లో వేసుకున్నాను. రైల్వే స్టేషనుకు మాత్రం బ్యాగులో పెట్టుకుని పోయాను, వేసుకోలేదు. నా వయసు అమ్మాయిలు చూస్తారని సిగ్గు. అంగట్లో ఎలాగూ కుదరదు. కనీసం చిన్నాయనను అడిగి చూడను కూడా లేదు.

అప్పుడు ఫోన్‌లో ఒక రీల్ వచ్చింది. అడవి దారిలో ఒకడు కాగితమంత పలచటి షూస్ వేసుకుని పరిగెడుతున్నాడు. మందపాటి అట్టలు పాదాన్ని బలహీనం చేస్తాయట. పాదాన్ని పాదంలా వదిలేస్తే అదే బాగవుతుందట. ఒకటి చూస్తే ఫోన్ ఇంకో పది చూపించింది. వారం రోజులు రైల్లో అవే చూశాను. డాక్టరు మెత్తటి చెప్పులు వేసుకోమన్నాడు, వీళ్ళేమో మెత్తదనమే జబ్బు అంటున్నారు. ముసలి చెప్పులు వద్దనుకునేదానికి ఏ మాట నచ్చుతుంది? ఆర్డరు పెట్టేశాను.

డబ్బా విప్పితే అమ్మ నవ్వింది. "ఏమివి, బాతుకాళ్ళా?" ముందు వైపు అంత వెడల్పు. అట్ట ఎంత పలచన అంటే చపాతీలా చుట్టేయొచ్చు. డబ్బాలో ఒక కాగితం ఉంది. మొదటి వారం రోజుకు పది నిమిషాలే వేసుకోండి, తరువాత మెల్లగా పెంచండి అని. అది చదివాను. చదవలేదని అబద్ధం చెప్పను. ఇది పుట్టినప్పటినుంచి బూట్లలోనే పెరిగే దేశాలవాళ్ళకు రాసింది, మనకు కాదు అనుకున్నాను. మనం ఇంట్లో ఒట్టికాళ్ళు, గుడిలో ఒట్టికాళ్ళు, అంగట్లో ఒట్టికాళ్ళు. మనకు ప్రాక్టీసు ఎందుకు? కాగితం చించి డబ్బాలో పడేశాను.

ఇవైతే అంగట్లోకి రానిస్తారని ఇంకో ఆశ కూడా ఉండింది. అవి వేసుకుని నేరుగా అంగట్లోకి నడిచాను.

"పాపా, కాళ్ళకేంది?" అన్నాడు చిన్నాయన.

"ఇవి చెప్పులు కావు చిన్నాయనా. బేర్‌ఫుట్. ఒట్టి కాళ్ళ కిందే లెక్క. సాక్సు మాదిరి."

"సాక్సుకు అట్ట ఉంటాదా?"

"పలచనే కదా!"

"ఎంత పలచనైనా స్టేషనులో తొక్కిన బురద దానికి అంటలేదా? చీర లక్ష్మి. బయట విడిచి రా."

బయట విడిచి వచ్చాను. ఆ కోపం ఎవరి మీదైనా తీర్చుకోవాలి కదా. మా అంగడికి చీరలు నేసే రామాంజనేయులు తాత ఇంటికి ఆ రోజే వీడియో తీయడానికి పోయాను. డెబ్బై దాటిన మనిషి. గుంట మగ్గం. నేల మట్టానికి కూర్చుని, కాళ్ళు గుంటలోకి దించి, కింద తొక్కుడు కర్రలు తొక్కుతూ నేస్తాడు. ఫోన్‌ని గుంటలోకి వంచి ఆయన పాదాలు దగ్గరగా తీశాను. వేళ్ళు విడివిడిగా, నరాలు తేలి, రీల్స్‌లో చూపించే పాదం ఇదే అనిపించింది.

"తాతా, కాళ్ళ నొప్పులేమన్నా ఉండాయా?"

"కాళ్ళకేం పాపా, బాగుండాయి..."

అక్కడ కట్ చేశాను. కింద ఇలా రాశాను: డెబ్బై ఏళ్ళు, షూస్ ఎరగని పాదాలు, మడమ నొప్పి అంటే తెలియదు, ఇంకా మీకు మెత్తటి చెప్పులు కావాలా? నా చీరల లైవ్‌లన్నిటికంటే ఎక్కువ మంది చూశారు.

ఆ రోజునుంచి అంగడి గడప లోపల తప్ప, పొద్దున ఇంట్లో మొదలుపెట్టి సాయంత్రం ఇంటికొచ్చే దాకా అవే షూస్. న్యాయంగా ఒక మాట చెప్పాలి. మొదటి పది రోజులు మడమ నొప్పి నిజంగానే తగ్గింది. గెలిచాననుకున్నాను. డాక్టరుకు మెసేజ్ పెట్టాలని కూడా అనుకున్నాను.

మూడో వారంలో నొప్పి చోటు మార్చింది. ఇప్పుడు పాదం పైన, రెండో వేలికి కాస్త వెనక. సాయంత్రానికి అక్కడ కొంచెం వాచేది. ఒక గ్రూపులో అడిగాను. "అది పాదం బలపడుతున్న నొప్పి, ఆపొద్దు" అన్నారు. ఆపలేదు. ఆదివారం పెనుకొండ కోట కొండ ఎక్కి వీడియో తీద్దామని పోయాను.

ఎక్కడం ఎక్కేశాను. దిగేటప్పుడు ఒక రాతిమెట్టు మీద కుడికాలు ఆనించగానే లోపల ఎండుపుల్ల విరిగినట్టు అయింది. శబ్దం వినిపించిందని ఇప్పటికీ అనిపిస్తుంది. డాక్టరు అది నా భ్రమ అంటాడు. కూర్చుండిపోయాను. ఒక్క వేలు పెట్టి "ఇక్కడే" అని చూపించగల నొప్పి. అంతకు ముందు నొప్పి అంటే పాదమంతా ఉండేది. ఇది చుక్క. కాలు ఆనిస్తే కళ్ళకు చీకట్లు కమ్ముతున్నాయి. నాయనకు ఫోన్ చేసి, ఆయన హిందూపురం నుంచి వచ్చేలోపు ఒక్కో మెట్టూ కూర్చునే జరుగుతూ దిగాను. కొండ ఎక్కేవాళ్ళు పక్కకు తప్పుకుని పోతున్నారు. ఒకామె "ఏమైంది తల్లీ" అంటే "ఏమీ కాలేదు, పోండి" అని అరిచాను. ఆమె ఏం చేసింది పాపం.

ఎక్స్‌రేలో ఏమీ కనిపించలేదు. "చూశారా, ఏమీ లేదు" అన్నాను నేనే. డాక్టరు నా వేలు చూపించిన చోటే నొక్కి, నా మొహం చూసి, ఎమ్మారై రాశాడు. దానికి అనంతపురం పోయి వచ్చాము. రిపోర్టు చూసి ఆయన స్క్రీను మీద సన్నటి తెల్లటి మరక చూపించాడు.

"స్ట్రెస్ ఫ్రాక్చర్. సెకండ్ మెటాటార్సల్, అంటే రెండో వేలి వెనక ఉండే పొడుగెముక. లోపల సన్న గీత ఉంది చూడు. విటమిన్ డి కూడా బాగా తక్కువ."

"అంటే ఆ షూస్ ఫ్రాడా సార్?"

"షూస్‌ను నేనేమీ అనలేదమ్మా. మెల్లగా అలవాటు చేసుకొని వేసుకునేవాళ్ళు ఉన్నారు. నీకు మడమ నొప్పి ఉండగా, బండల మీద పని ఉండగా, ఒక్క రోజులో మారిపోయినావు. మెదడుకు ఫోనుంది, అది తొందరగా మారతాది. ఎముకకు ఫోన్ లేదు కదా."

పాదం కదలకుండా పిక్క దాకా పట్టి ఉంచే వాకింగ్ బూట్ వేశారు. ఆరు వారాలు. అంటే శ్రావణమాసం మొదలయ్యే దాకా, పండగ చీరలు కొనే రోజులన్నీ. చీరల లైవ్‌కు అంతకు మించిన కాలం లేదు.

నా చోట చిన్నాయన కూతురు హారిక నిలబడింది. నాకు చెల్లెలు, నేనే కెమెరా ముందు నిలబడటం నేర్పించాను. హిందూపురంలో మంచం మీద పడుకుని ఆమె లైవ్ చూసేదాన్ని. "ఈ అక్క ఓపికగా చూపిస్తుంది" అని ఒకరు రాశారు. "పాత అక్కకు కోపం ఎక్కువ" అని ఇంకొకరు. ఫోన్ మంచం మీదికి విసిరి, అయిదు నిమిషాలకు మళ్ళీ తీసుకుని చూశాను.

నాలుగో వారం బూట్ నేనే విప్పేశాను. నొప్పి లేదు కదా అని. అమ్మ వాకిట్లో అడ్డం నిలబడింది.

"యాడికి పోతాండావు? డాక్టరు ఆరు వారాలు అన్నాడా లేదా?"

"నేను పోకపోతే నా చోటు పోతుందమ్మా."

"చోటు పోతే ఇంకోటి వస్తాది. కాలు పోతే?"

వినలేదు. ధర్మవరంలో నాలుగు గంటలు నిలబడ్డాను. కెమెరా ముందు నవ్వాను. రెండో గంటలోనే ఆ చుక్క మళ్ళీ మొదలైంది. దుప్పటి కింద బండ చల్లదనం ఎముకలోకి ఎక్కుతున్నట్టు ఉంది. అయినా ఆపలేదు. సాయంత్రం స్టేషనులో బ్రిడ్జి మెట్లు సగం ఎక్కి ఆగిపోయాను. పైకీ పోలేను, కిందికీ రాలేను. నేను ఎక్కాల్సిన రైలు వచ్చి, ఆగి, వెళ్ళిపోయింది. ఆ మెట్ల మీద కూర్చుని చిన్నపిల్లలా ఏడ్చాను.

"గీత పెద్దదైంది" అన్నాడు డాక్టరు. ఈసారి ఆయన గొంతులో జోకు లేదు. "నాన్ వెయిట్ బేరింగ్. కాలు నేలకు తగలకూడదు. ఇంకొకసారి ఇట్ల చేస్తే స్క్రూ వెయ్యాల్సి వస్తాది. అప్పుడు నా మీద అరిచినా ప్రయోజనం లేదు."

ఆ తరువాతి రోజుల గురించి ఎవరూ రీల్ చేయరు. నేను రాస్తాను. చంకల కింద కర్రలు. బాత్రూములో ప్లాస్టిక్ కుర్చీ. బాత్రూముకు పోవాలంటే అమ్మను పిలవాలి, పిలవడం ఇష్టం లేక నీళ్ళు తాగడం తగ్గించాను. దాంతో మూత్రంలో మంట, దానికి వేరే మాత్రలు. కుడి పిక్క చూస్తుండగానే సన్నబడింది, రెండు కాళ్ళూ పక్కపక్కన పెడితే ఇద్దరు మనుషులవి అనిపించేది. అన్నం పళ్ళెం తోసేశాను. బూట్ తీసి గోడకు కొట్టాను, ఆ మచ్చ ఇంకా ఉంది. నాయన బూట్ తెచ్చి మంచం పక్కన పెట్టి పోయాడు. తిట్టి ఉంటే బాగుండేది.

చిన్నాయన ఫోన్ చేశాడు. "పాపా, ఇంక లైవ్ హారిక చూసుకుంటాదిలే. నువ్వు ఇంట్లో కూర్చొని మెసేజీలకు జవాబులు రాయి." మంచిగానే అన్నాడు. నాకు మాత్రం సమాధి మీద మన్ను పోస్తున్నట్టు వినిపించింది. ఇరవై నాలుగేళ్ళకు ఒక గంట నిలబడలేని మనిషిని అయిపోయాను. ఇక బాగుపడనేమో అని రోజంతా అదే ఆలోచన. ఆ ఆలోచనలు ఎంత దూరం పోయాయో అమ్మ ఇది చదువుతుంది కాబట్టి రాయను. రాయకపోయినా ఆమెకు తెలుసు. ఆ వారాల్లో ఆమె నన్ను ఒంటరిగా వదిలి అంగడికి కూడా పోలేదు.

ఒక మధ్యాహ్నం రామాంజనేయులు తాత వచ్చాడు. హిందూపురంలో చుట్టాల ఇంటికి వచ్చి, నా సంగతి విని చూసిపోదామని వచ్చాడు. చంకలో ఒక మూట. నా మంచం నుంచి వాకిలి కనిపిస్తుంది. ఆయన గడప అవతల ఆగి చెప్పులు విడిచాడు. నేను లేచి కూర్చున్నాను.

నీలం రంగు ఎమ్సీఆర్ చెప్పులు. మడమ దగ్గర అరిగి గుంట పడ్డాయి.

"తాతా, అవి నీవేనా?"

"నావే. ఇంకెవరివి, నీవా?" అని నవ్వాడు. "పన్నెండేండ్లాయ. ఇవి ఎన్నో జతో కూడా తెలీదు. ఇవి లేకుంటే వీధి చివర దాకా పోలేను. నీ మాదిరే మడమ పోట్లు."

"మరి ఆ రోజు కాళ్ళు బాగుండాయి అన్నావు కదా!"

"పూర్తిగా చెప్పనిస్తివా నువ్వు? చాల్లే తాతా అని ఫోను ఎత్తుకుంటివి."

నా ఫోన్‌లో కట్ చేయని వీడియో ఇంకా ఉంది. ఆయన ముందే తీసి చూశాను. "కాళ్ళకేం పాపా, బాగుండాయి, గుంటలో ఉన్నంతసేపు. బయటికొస్తే కదా వాటి సంగతి..." అంటుండగా వెనక నా గొంతు: "చాల్లే తాతా, సూపర్!" తర్వాత ఫోన్ కదిలి గోడ కనిపించింది. అంతే.

"మగ్గం కాడ కూర్చున్నంతసేపు మడమ మీద బరువు యాడ పడతాది పాపా?" అన్నాడు తాత. "లేచి నడిస్తేనే పోటు. దానికి తోడు నడుము, మోకాళ్ళు. కాళ్ళను చూసి మనిషి బాగుండాడు అనుకుంటివి."

ఆయన ఇంటికి ఎన్నోసార్లు పోయాను. ప్రతిసారీ గడప బయట నా షూస్ విడిచింది ఆ నీలం చెప్పుల పక్కనే అయి ఉండాలి. ఒక్కసారి కూడా కిందికి చూడలేదు. మన ఇళ్ళల్లో లోపల అందరివీ ఒట్టి కాళ్ళే. లోపల తీసిన వీడియోలో బయటి చెప్పులు ఉండవు.

తాత మూట విప్పాడు. పాత చీరలు కలిపి కుట్టిన బొంత. "మా ఇంటామె ఇచ్చింది. అంగట్లో చెప్పు వద్దంటాడు మీ చిన్నాయన. బొంత వద్దనడు కదా? మడత పెట్టి ఆ దుప్పటి కింద పరుచుకో. దానికి ముందు కాలు బాగు చేసుకో. కోపం కొంచెం తగ్గించుకో, అది కూడా కాలికే దిగతాది."

ఆ మాటకు నవ్వొచ్చింది. చాలా రోజుల తరువాత.

బాగవడం కూడా నెమ్మదిగానే జరిగింది, అద్భుతం ఏమీ లేదు. గీత మూసుకుపోయిందని డాక్టరు చెప్పాక, వారానికి రెండుసార్లు పెనుకొండలో ఒక ఫిజియో మేడమ్ దగ్గరికి పోయాను. నేల మీద తువ్వాలు పరిచి కాలివేళ్ళతో లాక్కోమనేది. గోలీలు వేళ్ళతో ఎత్తి గిన్నెలో వెయ్యమనేది. మొదటిరోజు ఒక్క గోలీ కూడా ఎత్తలేకపోయాను. గిన్నెను తన్నాను. ఆమె గోలీలన్నీ తనే ఏరుకొచ్చి మళ్ళీ నా ముందు పెట్టింది.

"అయిపోయిందా? ఇంక మొదలుపెట్టు."

ఆ షూస్ పారేస్తానని ఆమెతో అన్నాను. "ఎందుకు? అవేం చేసినాయి? ఎట్ల వేసుకోవాలో అట్ల వేసుకో" అంది. డబ్బాలో నేను చించేసిన కాగితంలో ఉన్నదే ఆమె నోటితో చెప్పింది. పది నిమిషాలు, రోజు విడిచి రోజు, నొప్పి లేకుంటేనే కొంచెం పెంచాలి.

ఇప్పుడు మళ్ళీ ధర్మవరం పోతున్నాను. స్టేషనులో అందరూ చూస్తుండగానే ఎమ్సీఆర్ చెప్పులు వేసుకుంటాను. లైవ్‌లో మొదటి గంట నాది, మిగతా హారికది. పాత రోజులు పూర్తిగా తిరిగి రాలేదు, వస్తాయో లేదో తెలియదు. దుప్పటి కింద బొంత మూడు మడతలు వేసి ఉంటుంది. చిన్నాయన చూసీ చూడనట్టు ఉంటాడు. పొద్దున మంచం దిగే ముందు ఇప్పటికీ ఊపిరి బిగబడతాను. పలచటి షూస్ సాయంత్రం మిద్దె మీద పదిహేను నిమిషాలు. అక్కడికి చేరడానికి నాకు నాలుగు నెలలు పట్టింది.

తాత పాదాల వీడియో తీసేశాను. అప్పటికే ఎవరెవరో తమ పేజీల్లో పెట్టుకున్నారు, అది ఇంకా తిరుగుతూనే ఉంది. ఆయన మాట పూర్తిగా ఉన్న వీడియో కూడా, ఆ షూస్‌తో నా కాలికి జరిగింది కింద రాసి, పెట్టాను. దాన్ని చూసినవాళ్ళు చాలా తక్కువ. మొదట చెప్పిన ఆ పెద్దమనిషి తీర్పు రాసింది దాని కిందే.

నేను చెప్పే సలహా ఒక్కటే. చెప్పులు మార్చాలంటే రోజుల్లో కాదు, నెలల్లో మార్చండి. పాదం మీద ఒక్క వేలితో చూపించగల నొప్పి వచ్చిందంటే ఆ రోజే నడక ఆపి, గ్రూపులో కాదు, డాక్టరును అడగండి.

తప్పు నాదే, ఒప్పుకుంటాను. కానీ ఒట్టి కాళ్ళు చూపించి ఒక్క రోజులో మారిపొమ్మనే ప్రతి వీడియో సగం మాటే చెబుతోందని కూడా అంటాను. కాదంటారా? అయితే ఒక్కటి చెప్పండి, మీరు ఉదాహరణకు చూపించే ఆ మనిషి ఇంటి గడప బయట ఏం విడిచి ఉన్నాయో ఒక్కసారైనా వంగి చూశారా?